ఉప్పుగాలిలో గేరుబాక్సు పని

నేను పని మానేసినా నా కాళ్ళు ఇంకా ఆ సంగతి ఒప్పుకోలేదు. నాయుడుపేటలో మా ఇల్లు హైవేకి దగ్గర. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, రోడ్డు మీద ఏదో ఒక బండి గేరు పడక గీరుకుంటుంది. గ్లాసు కింద పెట్టి లేచి నిలబడతాను. బండి వెళ్ళిపోతుంది. మళ్ళీ కూర్చుంటాను. మా ఆవిడ గ్రేసమ్మ చూసి చూసి, "ఆ పొయ్యేది నీ బండా? నిన్నెవురన్నా పిలిచినారా? ముందు కాఫీ తాగు" అంటుంది.

పాత కార్ల గేరుబాక్సులు బాగుచేసి బతికినవాణ్ణి. ముందు నెల్లూరులో, తర్వాత ఇక్కడే నాయుడుపేటలో. ఐటీఐ చదివిన కుర్రవాళ్ళు కొందరు ఈ మధ్య వచ్చి, పాత బండ్ల పని ఎలా ఉంటుందో చెప్పమన్నారు. కొత్త కారుకైతే కంప్యూటరు తగిలించి చూస్తారు. పాత కారుకి అది తగిలించే చోటే ఉండదు. అయినా ఆ కార్లు తిరుగుతూనే ఉన్నాయి, ఎవరో ఒకరు వాటి కింద దూరాలి. సరే చెబుదామని కూర్చుంటే, ఒకచోట కుదురుగా కూర్చుని చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే రాస్తున్నాను. మధ్య మధ్య లేచి వీధి చివరి దాకా వెళ్ళి వస్తున్నాను కూడా. ఎక్కడైనా అతుకు కనిపిస్తే అక్కడ నేను లేచానని అనుకోండి.

విప్పడం ఆఖరి పని

నాకు పని నేర్పినది నెల్లూరులో మస్తాన్ మేస్త్రి. పొడుగ్గా, వంగిన భుజాలతో ఉండేవాడు. నేను చేరిన కొత్తలో బండి షెడ్డులోకి రావడమే ఆలస్యం, స్పానరు తీసుకుని కిందికి దూరేవాణ్ణి. ఆయన తన కాలితో నా కాలు తట్టి బయటికి రప్పించేవాడు.

"ఏందిరా యాకోబూ, అట్టా దూరినావు? ఏం చెడిపొయిందో నీకు తెలిసిందా?"

"శబ్దం వస్తా ఉండాదంట మేస్త్రీ."

"ఎవురు చెప్పినారు? ఓనరు. బండిని అడిగినావా? పో, నడుపుకోని రా."

నడుపుకుని వచ్చేవాణ్ణి. ఏ గేరులో శబ్దం అనేవాడు. బండి నిలబడి ఉన్నప్పుడు ఉందా? క్లచ్చి తొక్కితే పోతోందా, తొక్కితేనే వస్తోందా? ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఒక్కదానికి నేను నీళ్ళు నమిలినా మళ్ళీ పంపేవాడు. నాకు ఒళ్ళు మండేది. పని నేర్చుకోవడానికి వస్తే ఊరి చుట్టూ షికారు తిప్పుతున్నాడేమిటని లోపల తిట్టుకునేవాణ్ణి.

ఆయన అలా తయారవడానికి కారణం ఉంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయనే చెప్పేవాడు. వయసులో ఉన్నప్పుడు ఒక డాక్టరు గారి కారు వచ్చిందట. ఏ గేరు వేసినా గరగరమంటోంది. చూడగానే లోపలి ఇత్తడి రింగులు అరిగాయని తేల్చేసి బాక్సు దించాడు. సామాను మొత్తం గోనెపట్టా మీద పరిచాడు. ఏదీ అరగలేదు. మళ్ళీ బిగించి ఎక్కించాడు. మళ్ళీ అదే గరగర. రెండోసారి దించాడు. ఈలోగా డాక్టరు గారు రోగుల ఇళ్ళకు రిక్షాలో తిరుగుతున్నారు. చివరికి చూస్తే క్లచ్చి పూర్తిగా విడవడం లేదు. పెడలు కింద ఒక నట్టు తిప్పితే సరిపోయేది. "బాక్సుకి ఏ జబ్బూ లేదురా. నేనే దానికి రెండు ఆపరేషన్లు చేసినాను" అనేవాడు.

కాబట్టి కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. గేరు పడేటప్పుడు గీరుకుంటే ముందు క్లచ్చి చూడండి. న్యూట్రల్‌లో మూలిగి, క్లచ్చి తొక్కగానే ఆగిపోతే లోపలి బేరింగును అనుమానించండి. తొక్కినప్పుడు మాత్రమే అరిస్తే అది బాక్సులోది కాదు, క్లచ్చి బేరింగు. నడుస్తూ నడుస్తూ గేరు దానంతట అదే జారిపోతే, లోపలికి పోయేముందు బాక్సును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు చిరిగాయేమో చూడండి. పాత హ్యాండ్ గేరు కార్లలో స్టీరింగు దగ్గరి నుంచి బాక్సు దాకా కడ్డీలు ఉంటాయి. సగం జబ్బులు ఆ కడ్డీల కీళ్ళలోనే ఉంటాయి. ఇవన్నీ అయ్యాక నూనె దించి వేళ్ళ మధ్య రుద్ది చూడండి. ఇత్తడి పొడి మెరుస్తోందా, ఇనుప పెళ్ళలు తగులుతున్నాయా? అప్పుడు, అప్పుడే విప్పండి.

నాలాంటి తొందర మనిషికి ఈ పద్ధతి జ్వరం మాత్రలా చేదుగా ఉండేది. తొందర తగ్గలేదు గాని, తొందరను ఎటు నడిపించాలో తెలిసింది.

రంపపు పొట్టు

మస్తాన్ మేస్త్రికి చూపు తగ్గి షెడ్డు మూసేశాక నాయుడుపేట వచ్చి హైవే పక్కన ఒక షెడ్డులో చేరాను. ఓనరు పేరు రాయను. నవ్వు ముఖం, చేతినిండా పని, ఎవరినీ నొప్పించే మాట అనడు. పాత కార్లు కొని బాగుచేసి అమ్మేవాడు. ఒకరోజు బాగా అరిగిన బాక్సు ఉన్న కారు వచ్చింది. మూడో గేరులో ఊళపెడుతోంది. దించుతానన్నాను.

"దించేదెందుకు యాకోబూ? చిక్కటి నూనె పొయ్యి, రెండు దోసిళ్ళు రంపపు పొట్టు కలుపు. పిల్లి మాదిరి పోతాది."

ఆ మాట నిజమే. పొట్టు పళ్ళ మధ్య మెత్తగా నలిగి శబ్దం మింగేస్తుంది. కొన్నవాడు మురిసిపోయి తీసుకుపోతాడు. తర్వాత ఆ పొట్టు ముద్దకట్టి నూనెదారులు మూసేస్తుంది. ఏదో ఒక రోజు బేరింగు పట్టేసి, నడిరోడ్డు మీద వెనక చక్రాలు బిగుసుకుపోతాయి.

"వెనక బస్సు వస్తా ఉంటే ఏం గాను సార్?" అన్నాను.

"నీకెందుకయ్యా బస్సు సంగతి" అన్నాడు, నవ్వుతూనే.

ఆ నవ్వు చూశాక నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. స్పానర్లు గుడ్డలో మూటగట్టుకుని, అన్నం వేళ కూడా కాకముందే బయటికి నడిచాను. ఇంటికి వెళ్తే గ్రేసమ్మ, "ఈసారి ఎన్నాళ్ళు కూర్చుంటావు?" అని అడిగింది. కూర్చోలేదు. మా ఇంటి పక్కన ఖాళీ స్థలంలో రేకులు వేసుకుని సొంతంగా మొదలుపెట్టాను.

ఆ ఓనరు చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయలేదు. పని తెలిసినవాడే. శబ్దం పోతే జబ్బు పోయినట్టేనని కొన్నవాణ్ణి నమ్మించగలిగాడు, కొన్నాళ్ళకు తానూ నమ్మాడు. ఈ పనిలో పెద్ద ప్రమాదం అదే.

ఉప్పు

మన తీరంలో కారుకి మైళ్ళకన్నా ఉప్పు ఎక్కువ శత్రువు. ఇందుకూరుపేట తట్టు నుంచి, మైపాడు నుంచి వచ్చే బండ్లను నేను చక్రాల లోపలి అంచు చూసి గుర్తుపట్టేవాణ్ణి. రొయ్యల గుంటల గట్ల మీద తిరిగిన బండి ఒక రకంగా, సముద్రపు ఇసుకలో తిరిగిన బండి మరొక రకంగా తుప్పు పడుతుంది.

గేరుబాక్సు మూసి ఉన్న పెట్టె కదా, లోపలికి నీళ్ళు ఎలా పోతాయని అడుగుతారు. దానికి ఊపిరి తీసుకునే రంధ్రం ఒకటి ఉంటుంది. బండి చాలాదూరం నడిస్తే బాక్సు కాగుతుంది. కాగిన బాక్సు చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ రంధ్రం నుంచి, నూనె కారకుండా పెట్టిన సీళ్ళ పక్క నుంచి నీళ్ళను పీల్చుకుంటుంది. తర్వాత నూనె దించితే పాలకాఫీలా వస్తుంది. ఆ రంగు కనిపిస్తే ఆలోచించకండి. నూనె మార్చండి, కొద్ది దూరం నడిపి మళ్ళీ మార్చండి. నీళ్ళలో దిగక తప్పదనుకుంటే బండిని కాసేపు నిలిపి చల్లారనిచ్చి దించండి. ఆ కాసేపు నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఈ మాట నేను ఎక్కువసార్లు చెప్పింది ఆర్ముగానికి.

ఆర్ముగం

చిట్టమూరు మండలంలో పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చేపలు పట్టే ఊరు వాళ్ళది. ఆర్ముగం, అతని అక్క కన్నెమ్మ మొగుడు సింగయ్య కలిసి ఒక పడవ నడిపేవాళ్ళు. ఆర్ముగానికి చిన్నప్పటి నుంచీ కార్ల పిచ్చి. పడవలో తన వాటా వదిలేసి, నాయుడుపేటలో ఎవరో తీసేస్తున్న పాత అంబాసిడర్ తెచ్చుకున్నాడు. దానిలో చేపల గంపలతో ఆడవాళ్ళను సంతకు తీసుకురావడం, పెళ్ళిళ్ళకు, ఆసుపత్రులకు మనుషులను చేర్చడం అతని పని.

సింగయ్య దీన్ని క్షమించలేదు. పడవకు ఇద్దరు కావాలి. ఒకరు మోటారు దగ్గర, ఒకరు వల దగ్గర. ఆర్ముగం పోయాక కూలికి పిలిచిన మనిషి ఒకరోజు వస్తే ఒకరోజు రాడు. రాని రోజుల్లో సింగయ్య ఒక్కడే వెళ్ళేవాడు. బావా బావమరుదులకు మాటలు ఆగిపోయాయి. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళు. కన్నెమ్మ ఈ ఇంట్లో వండిన పులుసు ఆ ఇంటికి పట్టుకుపోయేది, మాటలు మాత్రం మోసేది కాదు. "పులుసైతే పట్టుకోని పోతా. తిట్లు మీరే పోయి తిట్టుకోండి" అని ఇద్దరికీ చెప్పేసిందట.

ఆర్ముగం బండి బాగా చూసుకునేవాడు. రెండు చెడ్డ అలవాట్లు మాత్రం ఉండేవి. గేరు కడ్డీ మీద చెయ్యి వేసుకుని నడపడం ఒకటి. ఆ బరువు లోపల గేరును జరిపే ఫోర్కు మీద పడి అది అరుగుతుందని చెప్పినా చెయ్యి తీసేవాడు కాదు. రెండోది, కల్వర్టు మీద నీళ్ళు పారుతుంటే ఆగకుండా దించేయడం.

"ఆగితే బండి ఆరిపోతాదని భయమన్నా."

"ఆరిపోతే తోసుకోవచ్చు. పీల్చుకుంటే నా కాడికి రావాల."

"నీ కాడికి రావడం నాకు ఇష్టమే గదా" అని నవ్వేసేవాడు.

గట్టు దారి

ఒక ఏడాది వానలు విడవకుండా పట్టుకున్నాయి. కల్వర్టు మీద నీళ్ళు ఎక్కి, ఆ ఊరి దారి చాలా రోజులు తెగిపోయింది. ఆర్ముగం కారు ఇంటి ముందు పట్టా కింద నిలబడిపోయింది. వాన తెరిపి ఇచ్చాక ఫోన్ చేశాడు.

"అన్నా, సందులో నుంచి బయటికి తీద్దామని రివర్సు వేసినాను. పడింది. మళ్ళా రావడం లేదు. ఏ గేరూ పడటం లేదు."

నాకు ఇంట్లో కాలు నిలవని రోజులు అవి. వానలకు షెడ్డులో పని లేదు. స్పానర్ల సంచి, కొత్త నూనె డబ్బా తీసుకుని బస్సులో చిట్టమూరు వెళ్ళి, అక్కడి నుంచి ఒక మోటారు సైకిలు వెనక ఎక్కి కల్వర్టు దాకా వెళ్ళాను. కల్వర్టు మీద నీళ్ళు నడుము దాకా పారుతున్నాయి. తాడు కట్టి ఉంది. సంచి నెత్తిన పెట్టుకుని తాడు పట్టుకుని దాటాను. అవతల నుంచి ఊరి దాకా గట్టు దారి. ఒక పక్క సరస్సు, ఒక పక్క మునిగిన చేలు.

మస్తాన్ మేస్త్రి నేర్పిన వరసలోనే చూశాను. బయటి కడ్డీలు బాగానే ఉన్నాయి. వాటిని విడదీసి బాక్సు పక్కనున్న లివరును నేరుగా కదిపినా కదల్లేదు. నూనె దించితే పాలకాఫీ. అర్థమైంది. లోపల ఒక్కో గేరు జతకు ఒక్కో రాడ్డు ఉంటుంది. నీళ్ళు కలిసిన నూనెతో అన్నాళ్ళు నిలిచిపోయేసరికి రివర్సు రాడ్డు తుప్పు పట్టింది. బలవంతాన ముందుకు జరిగింది గాని వెనక్కి రావడం లేదు. ఒక రాడ్డు గేరులో ఉంటే మిగతావి కదలకుండా అడ్డుపడే తాళం ఒకటి బాక్సులోనే ఉంటుంది. రెండు గేర్లు ఒకేసారి పడకుండా అది కాపలా. ఆ కాపలా వల్ల ఇప్పుడు బండికి వెనక్కి పోవడం తప్ప మరో దారి లేదు.

"దించాల్సిందే. సాయంత్రం దాకా పడతాది" అన్నాను. బాక్సు బోల్టు మీద స్పానరు పెట్టాను.

అప్పుడే ఒడ్డు తట్టు నుంచి కేకలు వినిపించాయి. సింగయ్యను నలుగురు మోసుకొస్తున్నారు. ఆ రోజు కూడా ఒక్కడే వెళ్ళాడు. మోటారు రెక్కకు నాచు చుట్టుకుంటే నీళ్ళలో దిగి తీస్తుండగా పడవ ఊగింది, మోటారు ఒక్కసారిగా తిరిగింది. ఎడమ కాలు మడమ పైన తెగింది. కన్నెమ్మ తన కొంగు చింపి కట్టింది. ఆ కట్టు అప్పటికే తడిసి కారుతోంది.

ఎవరో 108కి ఫోన్ చేశారు. బండి కల్వర్టు అవతలి దాకానే రాగలదన్నారు. ఊళ్ళో ఉన్న ఒక్క ట్రాక్టరు చేలో దిగబడిపోయి ఉంది. మంచం మీద మోసుకుపోదామన్నారు. గట్టంతా బురద, మనుషులు జారుతున్నారు, దారి పొడవు. సింగయ్య పెదవులు తెల్లబడుతున్నాయి.

ఆర్ముగం నా వైపు చూశాడు. నేను కారు వైపు చూశాను.

"రివర్సు పడే ఉండాది గదన్నా" అన్నాడు.

స్పానరు సంచిలో పడేశాను. కారు లోపల కాళ్ళ దగ్గర మూత తీసి కొత్త నూనె పోశాను. తొందరలో సగం నేల మీద పోసి ఉంటాను. సింగయ్యను వెనక సీటులో పడుకోబెట్టారు. కన్నెమ్మ కింద కూర్చుని అతని కాలు తన భుజం మీద ఎత్తిపెట్టుకుంది. వెనక అద్దం బురద కొట్టుకుని ఏమీ కనిపించడం లేదు. నేను డిక్కీ మీద ఎక్కి, బంపరు మీద కాళ్ళు తన్నిపెట్టి, బండి పోయే వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. ఆర్ముగం తలుపు తెరిచి సగం బయటికి వంగి నడిపాడు.

కొద్ది దూరంలోనే గొడవ వచ్చింది. నేను ఎడమ అంటే అతను తన ఎడమకు తిప్పుతున్నాడు. అతని ముఖం ముందుకి, నా ముఖం వెనక్కి. చక్రం గట్టు అంచు దాకా పోయింది. కన్నెమ్మ లోపల నుంచి గట్టిగా అంది: "ఎడమా కుడీ మానేయండి. ఏరు తట్టు, చేను తట్టు అని చెప్పన్నా."

ఆ ఊళ్ళో సరస్సును ఏరంటారు. అక్కడి నుంచి అలాగే చెప్పాను. "చేను తట్టు కొంచెం. చాలు. నిలకడగా పో. ఏరు తట్టు, ఏరు తట్టు. గుంట ఉండాది, మెల్లంగా."

రివర్సు గేరు ఎప్పుడూ ఊళపెడుతుంది. దాని పళ్ళు నిటారుగా కోసి ఉంటాయి, నాలుగు అడుగులు వెనక్కి పోవడానికే అది ఉన్నది. గట్టు పొడవునా దాన్ని నడిపిస్తుంటే ఆ అరుపు నా వెన్నులోకి ఎక్కింది. నా జీవితమంతా అలాంటి అరుపు వినగానే బండి ఆపించినవాణ్ణి. ఆ రోజు బండి ఆగవద్దని లోపల ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను. చేతులకు పని లేదు. ఏ నట్టూ తిప్పడానికి లేదు, ఏదీ సర్దడానికి లేదు. కూర్చోవాలి, చూడాలి, చెప్పాలి. అంత కష్టమైన పని నేను మళ్ళీ చేయలేదు.

మధ్యలో ఇంజను కాగి ఆవిరి లేచింది. ఆర్ముగం ఆపబోయాడు.

"ఆపొద్దు. క్లచ్చి తొక్కి పెట్టుకో, ఇంజను తిరగనీ" అని దిగి, గట్టు పక్క నీళ్ళు నూనె డబ్బాతో ముంచి, గుడ్డ అడ్డం పెట్టుకుని రేడియేటరు మూత మెల్లగా తిప్పి పోశాను. ఉప్పునీళ్ళు పోయకూడదు. పోశాను.

ఆ నిలిచిన కాసేపులో లోపల నుంచి సింగయ్య గొంతు వినిపించింది. "ఏందిది, ఎనక్కి పోతా ఉండారు?"

"ఆసుపత్రికి" అంది కన్నెమ్మ.

"ఆసుపత్రి ముందర గదా ఉండేది" అన్నాడు. స్పృహ ఉందని తెలిసింది. ఆర్ముగం స్టీరింగు మీద తల ఆనించాడు. "నేనుండుంటే మోటారు నా చేతిలో ఉండేదన్నా" అన్నాడు నాతో, మెల్లగా. "పద" అన్నాను.

కల్వర్టు కనిపించింది. అవతల తెల్లబండి నిలబడి ఉంది. అందులోని మనుషులు మా కారు వెనక భాగం ముందు, దాని మీద నేను కూర్చుని రావడం చూసి ఏమనుకున్నారో తెలియదు. మంచం మీద ఎత్తి, తాడు పక్కనే నీళ్ళలో దాటించారు. ఆర్ముగం మంచం కోడు ఒకటి పట్టుకుని వెళ్ళాడు. గట్టు మీద కారు ఇంజను నడుస్తూనే ఉంది. నేను ఆపాను. చెవుల్లో మాత్రం అది సాయంత్రం దాకా ఆగలేదు.

క్లచ్చి కాలు

సింగయ్య బతికాడు. నెల్లూరు ఆసుపత్రిలో చాలాకాలం ఉంచారు. కాలు నిలిచింది గాని మడమ కీలు వంగదు. నేల మీద కర్రతో నడుస్తాడు, ఊగే పడవలో నిలబడలేడు.

కల్వర్టు మీద నీళ్ళు తీశాక గట్టు మీది కారును ట్రాక్టరుతో నా షెడ్డుకు లాగించారు. బాక్సు విప్పితే రివర్సు పళ్ళు సగం చిట్లిపోయి ఉన్నాయి. రాడ్డు ఇత్తడి దిమ్మ పెట్టి కొడితేగాని ఊడలేదు. నెల్లూరులో పాత సామాను దుకాణాలన్నీ తిరిగి వేరే రాడ్డు, పళ్ళచక్రం తెచ్చి వేశాను. బేరింగులు మార్చాను. ఉప్పునీళ్ళు తాగిన రేడియేటరును మంచినీళ్ళతో కడిగి కడిగి పెట్టాను. బండి తయారైంది. తీసుకుపోవడానికి ఆర్ముగం రాలేదు.

ఫోన్ చేస్తే, "పడవ మీద పోతా ఉండానన్నా" అన్నాడు. రెండు ఇళ్ళకూ తానే వేటకు వెళ్తున్నాడు. "ఆ బండి నీ కాడనే ఉండనీ. దాన్ని చూస్తే నాకు అన్నం దిగదు."

బాగైన బండి కదలకుండా నా కళ్ళ ముందు నిలబడటం నేను ఓర్చుకోలేను. ఒక ఆదివారం ఆరాధన అవగానే దాన్ని నేనే నడుపుకుని ఆ ఊరు వెళ్ళాను. గ్రేసమ్మ, "ప్రసంగం సగంలోనే నీ కాలు ఆడతా ఉండె. ఇందుకేనా?" అంది.

సింగయ్య గడప మీద కూర్చుని వల అల్లుతున్నాడు. ఆర్ముగం ఎదురింట్లో లేడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారేమో అని కన్నెమ్మను అడిగాను. ఆమె చేయి అడ్డంగా ఊపింది.

"ఆసుపత్రిలో కూడా లేదన్నా. వీడు వాకిట్లో నిలబడేవాడు, ఈయన గోడ తట్టు తిరిగి పడుకునేవాడు."

సింగయ్య తల ఎత్తకుండానే అన్నాడు: "ఏమని పలకరించేది? పడవ వదిలి పొయినందుకు తిట్టేదా, కారు తెచ్చినందుకు దండం పెట్టేదా? రెండూ ఒకే నోటితో ఎట్టా వస్తాయి?"

నా దగ్గర ఉన్నది కారు. "అవి రాకపోతే మానె. బండి నడపడం నేర్చుకుంటావా?" అన్నాను.

నవ్వాడు. కాలు చూపించాడు. ఎడమ కాలు, అంటే క్లచ్చి కాలు. మడమ వంగకుండా పెడలు తొక్కడం కుదరదు. మొదట బిగుసుకున్న కాలుతో తొక్కించి చూశాను. పాదం జారిపోతోంది, సగం తొక్కి వదిలేస్తున్నాడు. అలా నడిపితే నెల తిరక్కుండా గేరు పళ్ళు పోతాయి. పెడలు తీసి షెడ్డుకు పట్టుకుపోయి, పైన వెడల్పాటి రేకు అతికించి, మడమ నిలిచేలా కింద అంచు పెట్టి, తొడ బలంతోనే పూర్తిగా దిగేలా పొడుగు మార్చాను. మార్చి తెచ్చి బిగించాను. సరిపోలేదు. మళ్ళీ పట్టుకుపోయాను. ఈ పని ఏ పుస్తకంలోనూ లేదు, అడగడానికి మస్తాన్ మేస్త్రి అప్పటికి లేడు. చివరికి కుదిరింది.

ఆదివారాలు వెళ్ళి నేర్పాను. సరస్సు మీద ఏళ్ళ తరబడి మోటారు పట్టుకున్నవాడు కదా, చెయ్యి స్థిరంగా ఉండేది. కడ్డీ మీద చెయ్యి ఉంచకు అని ఒక్కసారి చెప్పాను, ఇక ఉంచలేదు.

లైసెన్సు వచ్చాక, పొడి ఎండ కాస్తున్న ఒక ఉదయం, నేను పక్కన కూర్చుంటే గట్టు దారి మీద కారు తీశాడు. ముందు ఆర్ముగం భుజం మీద వల వేసుకుని ఒడ్డుకు నడిచి పోతున్నాడు. కారు శబ్దం విని పక్కకు ఒదిగి నిలబడ్డాడు, తల తిప్పుకుని.

సింగయ్య అతని పక్కనే బండి ఆపాడు. న్యూట్రల్ చేశాడు.

"ఎక్కు" అన్నాడు.

ఆర్ముగం కదల్లేదు. "పడవ కాడ పనుండాది."

"పడవ కాడికే. ఎక్కు బామ్మర్దీ."

ఆర్ముగం వల సర్దుకున్నాడు. "వల తడిగా ఉండాది. సీటు పాడైపోతాది" అన్నాడు.

"పోనీ."

నేను నా తలుపు తెరిచి దిగాను. నడిచి వస్తానన్నాను. ఎందుకన్నా అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. నాకు కూర్చోబుద్ధి కావడం లేదని చెప్పాను. ఆ మాట అబద్ధం కాదు.

ఆర్ముగం వల ఒళ్ళో పెట్టుకుని ముందు సీటులో కూర్చున్నాడు. సింగయ్య క్లచ్చి తొక్కాడు, పూర్తిగా తొక్కాడు. మొదటి గేరు పడింది. రెండోది పడింది. ఆర్ముగం ఏదో అన్నట్టున్నాడు, కారులో నుంచి సింగయ్య గొంతు కొంచెం పెద్దగా వినిపించింది, "నువ్వు చెప్పబాక, నాకు తెలుసులే" అని. మూడో గేరు పడి, కారు సరస్సు పక్కగా తిరిగి ఒడ్డు తట్టు వెళ్ళిపోయింది. నేను దాని వెనకే నడిచాను.